నారింజ రంగు గుర్తు

పత్రికకి చందా కట్టడమంటే ఏమిటో మనకి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ఏడాది చందా ఒక్కసారి పంపేస్తే చాలు, వారం వారం పత్రిక దానంతటది గుమ్మంలోకి వచ్చి పడేది. కొత్త సంచిక వచ్చిందా లేదా అని రోజూ బడ్డీకొట్టు చుట్టూ తిరిగే పని ఉండేది కాదు. సీరియల్లో పెళ్ళి జరిగిందా, పీటల మీద ఆగిపోయిందా అన్న ఆత్రం ఒక్కటే మనది. తెచ్చి ఇవ్వడం వాళ్ళ పని.

ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలో ఈపాటి సదుపాయం కూడా ఉండేది కాదంటే వింతగా ఉంటుంది. 1990ల నడిమి సంవత్సరాల్లో ఎవరికైనా నాలుగు వెబ్ సైట్లు నచ్చాయనుకోండి. ఆ నాలుగింటికీ రోజూ తనే వెళ్ళి తలుపు తట్టాలి. "ఏమండీ, కొత్తగా ఏమైనా రాశారా?" "లేదండీ, మొన్నటిదే." మళ్ళీ మర్నాడు వెళ్ళాలి. నాలుగైతే సరే, నలభై అయితే? పైగా అప్పట్లో నెట్టు టెలిఫోను తీగ మీదుగా వచ్చేది. బొమ్మలున్న పేజీ ఒకటి పూర్తిగా తెరుచుకునేలోపు కుక్కరు మూడు కూతలు కూసేది. తీరా చూస్తే పాత సరుకే. రాసేవాళ్ళ అవస్థ ఇంకో రకం. ఈవేళ చదివి మెచ్చుకున్నావిడ మళ్ళీ వస్తుందో రాదో, వచ్చినా కొత్త వ్యాసం పెట్టిన రోజునే వస్తుందో లేదో!

ఈ చిక్కు విడదీయడానికి పుట్టిందే వెబ్ ఫీడ్. పేరు విని బెదిరిపోకండి. ఫీడ్ అన్న మాట పురిటి ఆస్పత్రుల ద్వారా మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చేసింది. "పాపకి రెండు గంటలకోసారి ఫీడ్ ఇస్తున్నారా?" అని నర్సమ్మ అడిగేది ఆ మాటే. ఇక్కడ పాప స్థానంలో ఉన్నది మనం. సైటువారు తమ పేజీలతో పాటు ఒక చిన్న ఫైలు కూడా ఉంచుతారు. ఈమధ్య రాసిన వాటి పేర్లు, తారీఖులు, రెండు మూడు వాక్యాల పరిచయాలు, అవి ఉండే చిరునామాలు అందులో ఉంటాయి. రంగులూ హంగులూ ఉండవు. అచ్చు పత్రికలో "ఈ సంచికలో" అని ముందు పేజీలో వేస్తారే, అలాంటిదన్నమాట. కొత్త వ్యాసం చేరగానే ఆ పట్టికలో పైన ఒక వరుస చేరుతుంది. మన వైపు నుంచి ఫీడ్ రీడర్ అనే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. మనం చెప్పిన సైట్లన్నింటికీ గంటకో రెండు గంటలకో వెళ్ళి, ఆ పట్టికలు చూసి, కొత్తవేమైనా ఉంటే తెచ్చి ఒక్క చోట పెడుతుంది. మనం తీరిగ్గా కాఫీ తాగుతూ ఆ ఒక్క చోటే చూసుకోవచ్చు.

వినడానికి ఇంత తేలికైన ఏర్పాటే గానీ, ఇది పుట్టి పెరగడానికి ఒక చిన్న భారతమే జరిగింది.

భారతం అన్నాక ఆదిపర్వం ఉండాలి కదా. అది కంప్యూటర్లకంటే చాలా ముందటిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో బారబూ అనే చిన్న ఊళ్ళో ఆన్సెల్ నాష్ కెలాగ్ అనే ఆయన ఒక వారపత్రిక నడుపుతున్నాడు. అచ్చు పనివాళ్ళు సైన్యంలో చేరిపోయారు. పత్రిక ఆపడానికి మనసొప్పదు, ఒంటిచేత్తో నింపడానికి శక్తి చాలదు. అప్పుడాయన మాడిసన్ నగరంలో పెద్ద పత్రిక వాళ్ళ దగ్గర ఒకవైపు యుద్ధ వార్తలు అచ్చయిన కాగితాలు తెప్పించుకుని, ఖాళీగా ఉన్న రెండోవైపు తన ఊరి కబుర్లు వేసుకున్నాడు. ఈ ఉపాయం ఎంత బాగా పారిందంటే, తర్వాత 1865లో షికాగో వెళ్ళి దాన్నే వ్యాపారంగా పెట్టుకున్నాడు. 1884లో మెక్‌క్లూర్ అనే ఆయన కథలకీ, సీరియళ్ళకీ ఇలాంటి సంస్థే పెట్టాడు. ఒకచోట వండి పది విస్తళ్ళలో వడ్డించే ఈ పద్ధతికే సిండికేషన్ అని పేరు. మన కథలో ఈ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1996, 97 సంవత్సరాల్లో కొన్ని కంపెనీలు "మీరు రానక్కర్లేదు, మేమే తెచ్చి పడేస్తాం" అంటూ బయల్దేరాయి. పాయింట్‌కాస్ట్ అనేది వాటిలో బాగా పేరు పడ్డది. మనం పని ఆపి కూర్చోగానే కంప్యూటరు తెరమీద వార్తలూ, షేర్ల ధరలూ, మధ్య మధ్య ప్రకటనలూ తిప్పేది. ఆఫీసుల్లో అందరూ ఇది పెట్టుకునేసరికి నెట్టు తీగలన్నీ దాంతోనే నిండిపోయి అసలు పనులు ఆగిపోయేవి. మైక్రోసాఫ్ట్ కూడా 1997లో తన పద్ధతి ఒకటి తెచ్చింది. రెండూ నిలవలేదు. అడగని వాళ్ళకి వద్దంటున్నా వడ్డిస్తూ పోతే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు తింటారు?

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ అసలు ఫీడ్‌ని బయటపెట్టింది. ఆ కంపెనీకి మై నెట్‌స్కేప్ అని ఒక సైటుండేది. అందులో ఎవరి ముందు పేజీ వాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు అమర్చుకోవచ్చు. బయటి సైట్ల వాళ్ళు కూడా తమ తాజా శీర్షికలు అందులో కనిపించాలనుకుంటే ఏం చెయ్యాలి? ఫలానా తీరులో ఒక ఫైలు రాసి పెట్టుకోండి, మేం వచ్చి తీసుకుంటాం అన్నారు. ఆ తీరును తయారుచేసిన వాళ్ళు ఇద్దరు - డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ. ఈ గుహ మద్రాసు ఐ.ఐ.టి.లో 1986లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్ళినవాడు. మోటార్లూ గేర్లూ చదువుకున్న మనిషి కాస్తా, ఏ సమాచారం దేన్ని గురించినదో కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పడమెలాగ అన్న విద్యలో పండిపోయాడు.

ఆ ఫైలు తీరుకి పెట్టిన పేరు ఆర్.ఎస్.ఎస్. మన దేశంలో ఈ మూడక్షరాలు వినగానే వేరే సంగతి స్ఫురిస్తుంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు!

ఇదిలా ఉండగా కాలిఫోర్నియాలోనే డేవ్ వైనర్ అనే ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. యూజర్‌లాండ్ అనే చిన్న కంపెనీ ఆయనది. స్క్రిప్టింగ్ న్యూస్ పేరుతో 1997 నుంచీ తన సైటులో రోజూ ఏదో ఒకటి రాస్తూ వచ్చాడు. తన రాతల్ని ఇతర ప్రోగ్రాములు చదువుకోవడానికి వీలుగా ఆ ఏడాది డిసెంబరులోనే ఒక తీరు తయారు చేసుకున్నాడు. అంటే నెట్‌స్కేప్ కంటే పదిహేను నెలలు ముందు. ఫీడ్‌కి కన్నతల్లి ఎవరు అనే తగువు రావడానికి ఇంతకంటే ఏం కావాలి? మొదట్లో మాత్రం సామరస్యంగానే నడిచింది. 1999 జూలైలో లిబ్బీ తన తీరును కొంత సులువు చేసి, వైనర్ తీరులోని అంశాలు కొన్ని కలుపుకుని, 0.91 అనే అంకె వేసి విడుదల చేశాడు. వైనర్ కూడా దాన్నే వాడటం మొదలుపెట్టాడు.

అంతలో ఇల్లు చేతులు మారింది. ఏ.ఓ.ఎల్. అనే కంపెనీ నెట్‌స్కేప్‌ని కొనేసింది. కొత్త యజమానులకి ఈ పసిదాని మీద మమకారం లేదు. 2001 ఏప్రిల్ నాటికి దాని తాలూకు పత్రాలను కూడా సైటులోంచి తీసేశారు. ఆ చిరునామానే నమ్ముకున్న ఫైళ్ళు ఎన్నో! పెంచేవాళ్ళు లేని పిల్లని పెంచుకుంటామని ఇద్దరు బంధువులు బయల్దేరారు. అసలు రసవత్తరమైన ఘట్టం ఇదే.

ఒక వర్గం గుహ మొదటి ఊహకి దగ్గరగా పోదామంది. ఏ విషయాన్నైనా వర్ణించగల, పెద్ద వ్యాకరణం ఉన్న పద్ధతి కావాలంది. ఇంకోవైపు వైనర్ ఒక్కడూ "ఇంత హంగామా ఎందుకు? ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసుకోగలిగేట్టు ఉండాలి" అన్నాడు. 2000 డిసెంబరులో ఇద్దరూ ఒకే నెలలో చెరొకటి విడుదల చేశారు. మొదటి వర్గం వారిది 1.0. వైనర్‌ది 0.92. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? 0.92 తర్వాతదే 1.0 అనుకుంటారు. కానీ రెండింటికీ పొత్తు లేదు. ఆపైన 2002 సెప్టెంబరులో వైనర్ 2.0 అని వేశాడు. అంటే 1.0 తర్వాత 2.0 అన్నమాట, అది వేరే వంశం అయినా సరే! ఇంటి నంబర్లు ఇలా వేసుకుంటే పోస్టుమాను ఏమైపోవాలి?

పేరుకి అర్థం కూడా ముమ్మారు మారింది. మొదట్లో ఆర్ అంటే ఆర్.డి.ఎఫ్. అనే వ్యాకరణం పేరు. తర్వాత రిచ్ అన్నారు. చివరికి వైనర్ "రియల్లీ సింపుల్ సిండికేషన్" అని పెట్టాడు. నిజంగా సులువైన వడ్డన అని అర్థం. మధ్యలో ఒకసారి ఆయనే, దీనికి అర్థమంటూ ఎవరూ తేల్చలేదు గనక ఇది పొడి అక్షరాలు కాదు, ఒట్టి పేరనుకోండి అని తన పత్రంలో రాసేశాడు. ఈ పోట్లాటలో వైనర్ మొండితనం తక్కువేం కాదు, ఆయన నోటి దురుసు గురించి ఆ రోజుల్లోనే కథలుండేవి. అయినా న్యాయం ఎటుందని అడిగితే నేను ఆయన వైపే మొగ్గుతాను. ఎదుటివర్గం పద్ధతి పండితులకి నచ్చింది. వైనర్ పద్ధతి మామూలు మనుషుల చేతిలో ఇమిడింది. 2002 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ లాంటి పెద్ద పత్రిక తన వార్తల్ని ఫీడ్లుగా ఇవ్వడం మొదలుపెట్టాక, మిగతా పత్రికలు కూడా ఒకటొకటిగా అదే దారి పట్టాయి.

మొదటి వర్గంలో ఒక సభ్యుడి మాట చెప్పకుండా ముందుకి వెళ్ళడం భావ్యం కాదు. ఆరన్ స్వార్ట్జ్ అని షికాగో దగ్గర కుర్రాడు. ఉత్తరాల ద్వారా చర్చల్లో పాల్గొంటూ, పెద్ద పెద్ద ఇంజనీర్లతో వాదిస్తూ ఉండేవాడు. ఒకసారి అందరూ కలుద్దాం రమ్మంటే, మా అమ్మ పంపుతుందో లేదో అన్నాడట. 1.0 వచ్చేనాటికి అతనికి సరిగ్గా పద్నాలుగేళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసు పిల్లాడి చేత మంచినీళ్ళ బిందె మోయించడానికే నానా తంటాలు పడతాం.

తగువు అంతటితో ఆగలేదు. 2003 జూలైలో వైనర్ 2.0 హక్కుల్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బెర్క్‌మన్ కేంద్రానికి ధారపోసి, ఇక దీన్ని ఎవరూ మార్చనక్కర్లేదన్నాడు. అది అందరికీ రుచించలేదు. శామ్ రూబీ అనే ఆయన ఆధ్వర్యంలో మూడో పద్ధతి మొదలైంది. దాని బారసాల కూడా కాస్త అవస్థగానే జరిగింది. పై అన్నారు, ఎకో అన్నారు, చివరికి ఆటమ్ అని ఖాయం చేశారు. 2005 డిసెంబరులో దానికి ప్రమాణ పత్రం వచ్చింది. చదివేవాళ్ళకి మాత్రం ఈ వంశవృక్షంతో పనిలేదు. ఏ రీడరైనా అన్నింటినీ చదివేస్తుంది. మన తగువు మనం పడుతుంటే వచ్చిన చుట్టాలు హాయిగా భోంచేసి వెళ్ళినట్టే అయింది.

ఈ గొడవల మధ్యనే ఒక మంచి పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. 2000 అక్టోబరులో ఆడమ్ కరీ అనే ఆయన వైనర్‌ని న్యూయార్కులో కలిశాడు. కరీ అంటే కూర కాదు, ఇంటిపేరు. ఒకప్పుడు ఎం.టి.వి.లో పాటల కార్యక్రమాలు నడిపినవాడు. ఆయన బాధ ఏమిటంటే, పాటలూ వీడియోలూ పెద్ద ఫైళ్ళు, నొక్కిన తర్వాత దిగేదాకా కూర్చోలేక ప్రాణం విసిగిపోతుంది. మనం నిద్రపోతున్నప్పుడే అవి దిగిపోతే? రాత్రి పప్పు నానబోసి పడుకుంటే తెల్లారేసరికి రుబ్బుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు, పొద్దున్న లేచేసరికి పాట సిద్ధంగా ఉంటుంది. వైనర్ తన 0.92లో ఒక వ్యాసానికి ధ్వని ఫైలును జతచేసే ఏర్పాటు పెట్టాడు. 2001 జనవరి 11న గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం పాటని జతచేసి పరీక్షించాడు. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ అనే విలేఖరి ఈ కొత్త వింతకి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ, రెండు మూడు పేర్లతో పాటు పాడ్‌కాస్టింగ్ అనే మాట కూడా రాశాడు. అదే స్థిరపడింది. 2005 జూన్‌లో యాపిల్ తన ఐట్యూన్స్‌లో వీటికి చోటిచ్చింది. ఈనాడు వంట చేసుకుంటూ చెవిలో పెట్టుకుని వినే పాడ్‌కాస్టులు చాలామటుకు ఆ పాత ఆర్.ఎస్.ఎస్. ఫైలు మీదుగానే వస్తున్నాయి. ఫీడ్ చచ్చిపోయిందనే వాళ్ళకి చెప్పవలసిన జవాబు ఇదే.

2004 నుంచి 2010 దాకా ఫీడ్లకి పెళ్ళి వైభవం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వాళ్ళు దీనికి ఒక గుర్తు పెట్టారు - నారింజ రంగు చదరం, మూల ఒక తెల్లటి చుక్క, దాని మీద అలల్లా రెండు వంపు గీతలు. 2005 చివర్లో, ప్రత్యర్థి మైక్రోసాఫ్ట్ కూడా ఆ గుర్తునే తీసుకోవడానికి ఒప్పుకుంది. కంపెనీలు ఒకే బొట్టు పెట్టుకోవడానికి ఒప్పుకోవడం అరుదైన విశేషం. గుర్తు కనిపిస్తే నొక్కడం, చందా కట్టేసినట్టే. డబ్బు లేదు, పేరు చెప్పక్కర్లేదు, ఈమెయిలు చిరునామా ఇవ్వక్కర్లేదు. మీరు చదువుతున్న సంగతి రాసేవాళ్ళకి తెలియనే తెలియదు. వద్దనుకుంటే ఒక్క నొక్కుతో మానేయొచ్చు. ఎందుకు మానేశారని ఎవరూ మొహం ముడుచుకోరు.

మన తెలుగువాళ్ళు కూడా దీని ఫలం బాగానే అనుభవించారు. ఆ దశాబ్దం రెండో సగంలో కూడలి, జల్లెడ, హారం, మాలిక అంటూ సంకలినులు వచ్చాయి. ఊరూరా, దేశదేశాలా ఎవరికి వాళ్ళు రాసుకునే తెలుగు రాతల్ని ఫీడ్ల ద్వారా పోగుచేసి ఒకే పేజీలో చూపించేవి. హైదరాబాదులో ఒకావిడ గుత్తివంకాయ గురించి రాస్తే, అమెరికాలో ఇంకొకావిడ మంచు కురిసే వేళ చదివి, అందులో మా వైపు నువ్వులపొడి వేస్తాం అని జవాబు రాసేది. అచ్చులో పేరు చూసుకోని ఆడవాళ్ళు ఎందరో అలా రాయడం మొదలుపెట్టారు. పట్టికలో పేరున్న రచయిత పక్కనే పేరులేని ఇల్లాలి శీర్షిక, అదే సైజు అక్షరాల్లో ఉండేది. ఎవరు ఇప్పుడు రాస్తే వాళ్ళు పైన. అంతకుమించిన మర్యాద ఇంకేం కావాలి?

2005 అక్టోబరు 7న గూగుల్ రీడర్ వచ్చింది. ఉచితం, చక్కగా పనిచేసేది, ఎక్కడి నుంచైనా తెరుచుకోవచ్చు. దాంతో మిగతా రీడర్లు చాలామటుకు చిక్కి శల్యమయ్యాయి. పెద్ద కొట్టు పక్కన చిల్లర కొట్లకి పట్టే గతే పట్టింది. 2011లో అందులో స్నేహితులతో పంచుకునే సదుపాయం తీసేసి, తమ కొత్త గూగుల్ ప్లస్ వైపు తోలడం మొదలుపెట్టారు. 2013 మార్చి 13న అసలుకే ఎసరు పెట్టారు. వాడకం తగ్గింది, జూలై 1న మూసేస్తున్నాం అని ప్రకటన. లక్షమందికి పైగా సంతకాలు చేసి వద్దని వేడుకున్నారు. మూసేశారు. అదే ఏడాది జూన్‌లో ట్విట్టర్ కూడా తన ఫీడ్లకి తలుపు వేసేసింది. 2018 డిసెంబరులో, గుర్తు పుట్టించిన ఫైర్‌ఫాక్స్ కూడా తన ఫీడ్ సదుపాయాన్ని తీసేసింది.

ఆ 2013 జనవరి 11ననే, పాట పరీక్షించి పన్నెండేళ్ళు నిండిన రోజునే, ఆరన్ స్వార్ట్జ్ తన ఇరవై ఆరో ఏట ప్రాణం తీసుకున్నాడు. ఎం.ఐ.టి. నెట్టు ద్వారా జేస్టోర్ అనే భాండాగారంలోని పరిశోధన వ్యాసాలను లక్షల సంఖ్యలో దించుకున్నాడని అమెరికా ప్రభుత్వం అతని మీద కేసు పెట్టింది. అది విచారణకి రాకముందే అంతా అయిపోయింది. పద్నాలుగో ఏట, రాసింది అందరికీ చేరే దారి వేయడంలో చెయ్యి వేసినవాడు.

కంపెనీలు ఫీడ్‌ని ఎందుకు వద్దనుకున్నాయో ఊహించడం కష్టమేం కాదు. ఫీడ్లో వరస తేదీది. ఫేస్‌బుక్కులో వరస వాళ్ళది. మనకేది చూపించాలో, ఏది దాచాలో, మధ్యలో ఏ చీరల ప్రకటన ఇరికించాలో వాళ్ళే నిర్ణయిస్తారు. రెండు నెలలకోసారి ఒక్క మంచి వ్యాసం రాసే మనిషి అక్కడ మనకి కనిపించకుండానే పోవచ్చు. ఫీడ్ రీడర్లో అలా పోదు. ఆవిడ రెండేళ్ళు ఊరుకుని ఒక రోజు రాసినా, ఆ రోజు ఆవిడ పేరు ముందు "1" అన్న అంకె వెలుగుతుంది.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునే వారికి దారి ఏమీ మూసుకుపోలేదు. గూగుల్ రీడర్ మూతపడే ముందే జనం ఫీడ్లీ, న్యూస్‌బ్లర్ వంటి వాటికి తరలిపోయారు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి, ఇనోరీడర్ అని ఇంకోటీ ఉంది. ఒకదాంట్లో ఖాతా తెరిచి, నచ్చిన సైటు చిరునామా ఇస్తే దాని ఫీడ్ ఎక్కడుందో చాలాసార్లు అదే వెతికి పట్టుకుంటుంది. యూట్యూబు ఛానళ్ళకి కూడా ఫీడ్లున్నాయి. మొదటే వంద సైట్లు చేర్చకండి. వార్తాపత్రికల ఫీడ్లు రోజుకి వందలు వచ్చి పడతాయి, చదవనివి చూస్తే గుండె గుభేలుమంటుంది. అరుదుగా రాసేవాళ్ళని పదిమందిని చేర్చుకుంటే హాయి. అన్నట్టు, మీ చందాల జాబితా అంతా ఓ.పి.ఎం.ఎల్. అనే ఒక్క ఫైలుగా దించి దాచుకోవచ్చు. ఆ రీడరు మూతపడితే అది పట్టుకుని ఇంకో రీడరుకి వెళ్ళిపోవచ్చు. అందరూ గూగుల్ రీడర్ నుంచి బయటపడింది ఇలాగే.

వంటలదో, ముగ్గులదో, పిల్లల కథలదో సొంత సైటు ఉన్నవారికి పని ఇంకా తక్కువ. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటయితే ఫీడ్ దానంతటదే తయారవుతుంది. మీ చిరునామా చివర ఒక గీత గీసి ఫీడ్ అని ఇంగ్లీషులో కలిపి చూడండి, కనిపిస్తుంది. అందులో వ్యాసం పూర్తిగా పెట్టాలా, మచ్చుకి నాలుగు వాక్యాలు పెట్టి సైటుకి రప్పించాలా అన్నది మీ ఇష్టం. చదివేవాళ్ళు పూర్తిగా ఉన్నదాన్నే ఇష్టపడతారు. విస్తరి ముందు కూర్చోబెట్టి, పప్పు వడ్డించి, అన్నం పక్కింట్లో ఉందంటే ఎలా? ఫీడ్ ఉందన్న సంగతి సైటులో కనిపించే చోట చెప్పండి, నారింజ గుర్తు పెడితే మరీ మంచిది. ఎప్పుడైనా సైటు పేరు మార్చవలసి వస్తే, పాత ఫీడ్ చిరునామాకి వచ్చినవాళ్ళు కొత్తదానికి చేరేట్టు దారి మళ్ళించే ఏర్పాటు తప్పకుండా చేయించండి. 2001లో నెట్‌స్కేప్ చెయ్యనిది అదే. ఇల్లు మారేటప్పుడు పాత పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసి ఇచ్చి రామూ, అలాగే.